పెట్టె ఇక్కడే ఉంటుంది

పిల్లలూ, బదిలీ ఉద్యోగం ఉన్న ఇంట్లో ఒక మొక్క నాటాలన్నా రెండుసార్లు ఆలోచిస్తారు. మామిడి టెంక పాతితే కాయ తినేదెవరు? కుక్కపిల్లను తెచ్చుకుంటే రేపు రైల్లో ఎలా తీసుకెళ్ళాలి? అందుకే మన ఇళ్ళలో కుండీలు ఎక్కువ, చెట్లు తక్కువ. మేమూ చాలాకాలం అలాగే గడిపాం. పదకొండేళ్ళలో అయిదో ఊరుగా భిలాయి వచ్చాం. స్మృతి నగర్‌లో వెనక కాస్త పెరడున్న ఇల్లు అద్దెకు దొరికింది. ఆ పెరట్లో తేనెటీగలను పెంచడం మొదలుపెట్టాం. వెంట తీసుకెళ్ళడానికి వీలులేని పనిని బదిలీల వాళ్ళు ఎందుకు తలకెత్తుకున్నారని మీరు అడగవచ్చు. ఆ సంగతే రాస్తున్నాం.

ఈగలను మేము కొని తేలేదు. మాకంటే ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు సామాను సర్దుకున్నప్పుడు ఒక చెక్కపెట్టెను ప్రహరీ పక్కన బోర్లించి వెళ్ళారు. దాని మీద ఊరి పేరు, నంబరు నల్లరంగుతో రాసి ఉన్నాయి. మనందరి ఇళ్ళలోనూ ఉండే పెట్టే అది. దాంట్లో ఈగలు కాపురం పెట్టాయి. పక్కింటి బాబాయిగారిది శ్రీకాకుళం వైపు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరై ఇక్కడే స్థిరపడ్డారు. "వాటి జోలికి మనం పోకపోతే మన జోలికి అవి రావమ్మా" అని మా పిల్లలకు మొదటిరోజే చెప్పారు.

తేనెటీగలన్నీ పెట్టెలో ఉండవు. ఎత్తైన చెట్లకూ, నీళ్ళ ట్యాంకులకూ ఒకే పెద్ద పట్టు కట్టేది కొండ తేనెటీగ. దానికి ఆరుబయలు కావాలి, కోపమూ ఎక్కువ. పొదల్లో అరచేతంత పట్టు కట్టేది చిన్న తేనెటీగ. అదీ పెట్టెకు రాదు. చెట్టు తొర్రల్లో, గోడ సందుల్లో, పుట్టల్లో, చీకట్లో వరసగా అనేక పట్టులు కట్టేది పుట్ట తేనెటీగ. చీకటి ఇల్లు దానికి అలవాటు కాబట్టి మనం ఇచ్చే పెట్టెలో ఉంటుంది. మా పెరట్లోవి ఇవే.

పెంపకందారులు సాధారణంగా వాడేది చట్రాల పెట్టె. 1852లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు. అందులో పట్టు చుట్టూ నాలుగు వైపులా చెక్క ఉంటుంది. తేనె తీయడానికి తిప్పే యంత్రం కావాలి. మేము ఎంచుకున్నది అంతకంటే తేలికైన టాప్‌బార్ పెట్టె. తొట్టి లాంటి పొడవాటి పెట్టె మీద చెక్క బద్దలను పక్కపక్కన పేర్చడమే. ఒక్కో బద్ద నుంచి ఒక్కో పట్టు కిందికి వేలాడుతుంది. ఈ పద్ధతి చాలా పాతది. బద్దలు పేర్చిన బుట్టల్లో గ్రీసు దేశంవాళ్ళు ఈగలను పెంచడం చూసి వీలర్ అనే ఆంగ్ల యాత్రికుడు 1682లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. 1970ల్లో కెన్యాలో పల్లెల వాళ్ళు తక్కువ ఖర్చుతో చేసుకునేలా దీన్ని తీర్చిదిద్దారు.

మా సామాను పెట్టెల చెక్కలతోనే ఒక వడ్రంగి దాన్ని చేసిపెట్టాడు. పొడవు 72 సెంటీమీటర్లు, పైన 24 బద్దలు. ఇందులో తప్పకుండా పాటించాల్సిన కొలత ఒక్కటే, బద్ద వెడల్పు. ఐరోపా తేనెటీగకు 35 మిల్లీమీటర్లు కావాలి, మన పుట్ట తేనెటీగకు 30 సరిపోతుంది. కొలత సరిగ్గా ఉంటే బద్దకొక పట్టు కడతాయి. తేడా వస్తే రెండు బద్దలను కలిపి కట్టేస్తాయి, అప్పుడు ఏదీ విడిగా పైకి రాదు. బద్ద అడుగున మధ్యలో సన్నటి గీతలా మైనం రాస్తే అక్కడి నుంచే కట్టడం మొదలుపెడతాయి. పెట్టె పక్కలు కిందికి వాలుగా ఉంటే పట్టును గోడకు అతికించడం తక్కువ. లోపలికి వెళ్ళడానికి వేలు దూరేంత రంధ్రాలు మూడు చాలు.

ఫిబ్రవరిలో మామిడి పూత మీద ఉండగా, ఈ పని తెలిసిన ఒకాయనను పిలిపించాం. కొబ్బరి పీచు పొగ కొద్దిగా పట్టి, పాత పెట్టెలోని పట్టులను ఒక్కొక్కటిగా కోసి, తలకిందులు కాకుండా, అరటినారతో బద్దలకు కట్టారు. రాణి ఈగ కొత్త పెట్టెలోకి వెళ్ళగానే మిగతావి బారులు తీరి వెనకే వెళ్ళాయి. కొన్నాళ్ళకు పట్టులను మైనంతో బద్దలకు అతికించుకుని, అరటినారను అవే కొరికి బయట పారేశాయి.

పాత పెట్టె ఉన్నచోటే, ముఖం అటువైపే ఉండేలా కొత్తది పెట్టాం. దీనికి కారణం ఉంది. ఈగ గుర్తుపెట్టుకునేది పెట్టెను కాదు, చోటును. పెట్టెను పది గజాలు జరిపినా మేతకు వెళ్ళినవి పాత చోటికే వచ్చి తిరుగుతుంటాయి. అందుకే జరిపితే మూడు అడుగుల లోపు, లేదంటే మూడు మైళ్ళ అవతలికి అని పెంపకందారులు చెబుతారు. దూరం తీసుకెళ్తే అవి కొత్త పరిసరాలను మొదటినుంచి నేర్చుకుంటాయి. గుమ్మం దగ్గర ఇంటివైపే ముఖం పెట్టి అటూ ఇటూ ఎగురుతాయి, తర్వాత చుట్టూ తిరుగుతూ కొంచెం కొంచెంగా దూరం పెంచుకుంటాయి. ఇల్లు ఎక్కడుందో గట్టిగా తెలిశాకే మేతకు పోతాయి. కొత్త బళ్ళో మొదటివారం గుర్తుందా? మీరూ అదే చేశారు.

ఆ తర్వాతి పని చూసుకోవడమే. చీమలు ఎక్కకుండా పెట్టె కాళ్ళను నీళ్ళ గిన్నెల్లో ఉంచాలి. పుట్ట తేనెటీగకు చీమల బాధ, మైనపు పురుగు బాధ, ఆకలి బాధ ఏది వచ్చినా ఇల్లు విడిచి పోతుంది. ఈగలు తాగడానికి వెడల్పాటి పళ్ళెంలో గులకరాళ్ళు వేసి నీళ్ళు పోయాలి, లేకపోతే మునిగిపోతాయి. భిలాయి ఎండ మే నెలలో 45 డిగ్రీలకు చేరుతుంది. మైనం మెత్తబడితే పట్టు తెగి పడుతుంది, కాబట్టి నీడ తప్పనిసరి. మాది జామచెట్టు కింద ఉంది, పైన గడ్డికప్పు వేశాం. దోమల పొగబండి వచ్చే సాయంత్రం గుమ్మానికి సన్నటి జాలీ బిగించి, బండి వెళ్ళాక తీసేస్తాం. పట్టును చూడాలంటే బద్దను నిటారుగా ఎత్తాలి. పక్కకు పడుకోబెడితే విరుగుతుంది.

పెద్దవాళ్ళు లేకుండా మీరు పెట్టె మూత తీయకండి. ఈగ కుడితే కొండిని గోటితో వెంటనే గీకి తీసేయాలి. ఊపిరి ఆడకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. పెట్టె పెట్టేముందు ఇంటివారినీ ఇరుగుపొరుగునూ అడగాలి. ప్రభుత్వ క్వార్టరైతే ఆఫీసు అనుమతి కావాలి. నేర్చుకోవాలనుకుంటే కృషి విజ్ఞాన కేంద్రంలో అడగవచ్చు. పుణేలో 1962 నుంచి కేంద్రీయ తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది.

వేప పూత అయ్యాక చివరి రెండు బద్దలు కోశాం. గుడ్డలో వేసి పిండితే కిలోకు కాస్త తక్కువ తేనె వచ్చింది. ఈ పెట్టెలో దిగుబడి తక్కువే. తేనెతోపాటు పట్టునూ కోసేస్తాం కాబట్టి ఈగలు మళ్ళీ మైనం చేసి మొదటినుంచి కట్టుకోవాలి. మిగతా పట్టులు వానాకాలం కోసం వాటికే వదిలేశాం. తేనెటీగ కూడబెట్టింది బాటసారి పాలవుతుందని చెప్పే వేమన పద్యం మీకు తరగతిలో చెప్పాం కదా. ఆ రోజు గిన్నె ముందు కూర్చున్న బాటసారులం మేమే. సగం తేనె బాబాయిగారింటికి పంపాం.

ఇప్పుడు బదిలీ ఉత్తర్వు వచ్చింది. చట్రాల పెట్టె అయితే లారీలో వెళ్తుంది. ఆవాల పూతకనీ పొద్దుతిరుగుడు పూతకనీ పెంపకందారులు ఊరూరా తిప్పేది వాటినే. మా పట్టులకు పైన బద్ద తప్ప చుట్టూ ఆధారం లేదు. మొదటి గతుకుల రోడ్డుకే విరిగి ఈగలు తేనెలో మునిగిపోతాయి. కాబట్టి పెట్టె ఇక్కడే ఉంటుంది. ఇంటివారు ఒప్పుకున్నారు, చూసుకోవడానికి బాబాయిగారు ఒప్పుకున్నారు.

"మనం వెళ్ళిపోతే ఈగలు మనల్ని గుర్తుపెట్టుకుంటాయా?" అని మా చిన్నమ్మాయి అడిగింది. అవి చోటును గుర్తుపెట్టుకుంటాయని చెప్పాం. ఆ జవాబు దానికి నచ్చలేదు, రెండు రోజులు పెరట్లోకి వెళ్ళలేదు. అప్పుడు గుంపు విడిపోయే సంగతి చెప్పాం. ఈగలు బాగా పెరిగాక, ఇల్లు వదిలి వెళ్ళేది పిల్ల రాణి కాదు, పాత రాణి. కొన్ని ఈగలను వెంటబెట్టుకుని, అవి కడుపులో పట్టినంత తేనె తాగాక, కట్టిన పట్టులూ దాచిన తేనే పుట్టబోయే కొత్త రాణికి వదిలేసి బయలుదేరుతుంది. ఇదంతా వింటూ అది, "మన కోసం ఆ చెక్కపెట్టె వదిలినవాళ్ళకు ఈగల సంగతి తెలుసా?" అంది. తెలియకపోవచ్చు అన్నాం. ఈ భిలాయి కూడా అలాంటిదే. 1959లో మొదటి కొలిమి వెలిగేనాటికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు నాటిన చెట్ల పూలమీదే ఈనాటి ఈగలు తిరుగుతున్నాయి.

సామాను సర్దే ముందురోజు మా అమ్మాయి తెలుగులోనూ హిందీలోనూ ఒక కాగితం రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పెట్టె మూత లోపల అంటించింది. "పెట్టెను జరపవద్దు. కాళ్ళ కింద గిన్నెల్లో నీళ్ళు రోజూ చూడండి. బద్దను నిటారుగా ఎత్తండి. వానాకాలంలో తేనె తీయవద్దు, అది వాళ్ళది." మీలో ఎవరైనా ఆ ఇంట్లోకి వస్తే ముందు గిన్నెలు చూడండి. మే నెలలో నీళ్ళు మధ్యాహ్నానికే ఇంకిపోతాయి.