పొలంలో దిగిన విమానం

1993 నవంబరు 15, సోమవారం. మద్రాసు నుంచి హైదరాబాద్‌ వెళ్లాల్సిన ఇండియన్‌ ఎయిర్‌లైన్స్‌ ఎయిర్‌బస్‌ ఎ300 తిరుపతి దగ్గర వరిపొలంలో దిగింది. అందులో 262 మంది! విమానం మళ్లీ పనికిరాలేదు గానీ మనుషులంతా బతికి బయటపడ్డారు. ఏడుకొండలవాడే కాపాడాడన్నది ఆ చుట్టుపక్కల చాలామంది ఒప్పుకునే మాట. అసలెందుకలా జరిగిందన్న దగ్గరే పేచీ.

రేణిగుంటలో ఓ ఇంట్లో ఆ పేచీ తాతామనవళ్లది. తాత ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారు. మనవడిది ఇంజినీరింగ్‌ చదువు.

''ఆయిల్‌ చూసుకోకుండా బండి తీస్తారా నాయినా?'' అంటారు పెద్దాయన.

''బయల్దేరేటప్పుడు కాదు తాతా, తిరిగొచ్చేటప్పుడు వచ్చింది తంటా'' అంటాడు మనవడు.

హైదరాబాద్‌లో సరిగా కనిపించక, దిగబోయిన విమానాన్ని పైలట్లు మళ్లీ పైకి లేపారు. దిగేముందు రెక్కల వెనక కిందికి చాచే పలకలుంటాయి... ఫ్లాప్స్‌. అవి లోపలికి పోకుండా మొరాయించాయి. సరిచేద్దామని చూశారు, కుదరలేదు. మద్రాసు వైపు తిప్పారు. ఫ్లాప్స్‌ చాచి ఉంటే వేగం పెంచడానికి లేదు. గాలి అడ్డుపడుతుంది, ఇంధనం మామూలుకన్నా చాలా ఎక్కువ తాగుతుంది. మద్రాసు చేరకముందే అది నిండుకుంది.

''అంటే గేరు ఇరుక్కుపోయి, ఫస్టు గేరులోనే బస్సును తిరుపతి నుంచి చిత్తూరు దాకా లాగినట్టు!'' మనవడు అరగంట చెప్పాల్సింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ వెంటనే, ''అట్లాంటప్పుడు ఎవురైనా దగ్గర్లో ఉండే డిపోకి పోతారు గానీ అంత దూరం పోతారా?''

మనవడు నీళ్లు నమిలాడు.

అసలు ప్రశ్న అదే మరి. ఇంధనం అయిపోవడం కారణాల వరసలో ఆఖరిది మాత్రమే. చెడింది యంత్రం. చెడిన యంత్రంతో ఎంత దూరం పోగలమన్న లెక్క మనుషులది.

2010 మే 22న మంగళూరులో ఎయిర్‌ ఇండియా ఎక్స్‌ప్రెస్‌ విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. కొండమీది రన్‌వేదే తప్పని కొందరు, పైలట్‌దేనని కొందరు. మళ్లీ పైకి లేద్దామని కోపైలట్‌ మూడుసార్లు చెప్పినా కెప్టెన్‌ దిగడానికే పోయారని విచారణలో తేలింది. అక్కడ పైకి లేవకపోవడమే కొంప ముంచింది. హైదరాబాద్‌లో లేవడం సరైన పనే, ముప్పంతా ఆ తర్వాతది. మంగళూరు గురించి జనం ఇప్పటికీ మాట్లాడుకుంటారు. తిరుపతిలో ఎవరూ పోలేదు కాబట్టి, ఆ సంగతిని దేవుడి ఖాతాలో రాసి ఊరుకున్నారు.

ఏడేళ్లు తిరక్కుండానే, 2000 జూలై 12న, గ్రీసులోని క్రీట్‌ దీవి నుంచి జర్మనీ బయల్దేరిన హపాగ్‌-లాయిడ్‌ ఎయిర్‌బస్‌ ఎ310కి చక్రాలు లోపలికి పోలేదు. అలాగే ముందుకు నడిపారు. ఇంధనం ఎంత దూరం వస్తుందో విమానంలోని కంప్యూటర్‌ చెబుతూనే ఉంది... వేలాడుతున్న చక్రాల సంగతి దాని లెక్కలో లేదు! వియన్నా రన్‌వే ఇంకా కొన్ని వందల మీటర్లుందనగా ఆ విమానం గడ్డిలో దిగింది. అక్కడా అందరూ బతికారు. వాళ్లను కాపాడింది ఏ కొండలవాడో!