బత్తాయి గంపలో కంకర లెక్క

మా కట్టంగూర్‌లో ఒక ఇంటి స్లాబు దగ్గర చూసిన ముచ్చట మీకు చెప్పాలి.

కాంక్రీటు మాలు కదలడం లేదు. గమేలా వంచినా ముద్దలా కూర్చుంటోంది. "ఇంకో బకెట్ నీళ్లు పొయ్యి తమ్మీ" అన్నాడు కుర్ర మేస్త్రీ. పెద్ద మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టాడు. "నీళ్లొద్దురా. అంతా ఒక్క సైజు కంకరే పడ్డది. 20 ఎంఎం తగ్గించి బేబీ చిప్స్ (సన్న కంకర), ఇసుక పెంచు." తర్వాతి వాయి అట్లాగే కలిపారు. రాయీ ఇసుకా కలిపి అంతే, నీళ్లు అంతే. మాలు మాత్రం చక్కగా జారింది.

ఎందుకంటారా? మన నల్లగొండ బత్తాయి గంప తలుచుకోండి. ఒకే సైజు గుండ్రటి కాయలు కుమ్మరిస్తే, ఎంత కుదిపినా 100 పాళ్లలో 64 పాళ్లే నిండుతాయి. మిగతా 36 సందులే. ఆ సందుల్లో ఆవాలు పోయండి. గంప పెరగదు, నిండుదనం మాత్రం లెక్క ప్రకారం 87 దాకా పోతుంది. మాలులో ఆ సందులను నింపేది నీళ్లు. అక్కడ ఇరుక్కున్న నీళ్లు రాయిని కదిలించలేవు. చిన్న గింజ ఆ చోటు తీసుకుంటే నీళ్లకు విడుదల. రాయికీ రాయికీ నడుమ పొరలా పరుచుకుని జారనిస్తాయి.

1907లో అమెరికాలో ఫుల్లర్, థాంప్సన్ కాంక్రీటుకు ఈ గింజల పాళ్లే లెక్కగట్టారు. రెండు సైజుల గింజలు కలిస్తే వాటిని మోసే ద్రవం ఎంత పలచబడుతుందో 1968లో ఫారిస్ చూపించాడు. కంటికి కనబడని రేణువులు తేలే రంగుల డబ్బాలోనూ ఈ సూత్రం పనిచేస్తుంది. అయితే సన్నగింజ మొత్తంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకానే మేలు. మరీ ఎక్కువైతే దాని ఒళ్లు తడపడానికే నీళ్లు చాలక మాలు జిగటగా మారుతుంది.

మరి నీళ్లే ఎక్కువ పోస్తే? 50 కిలోల సిమెంటు బస్తాతో రసాయనికంగా కలిసిపోయే నీళ్లు సుమారు 12 లీటర్లే. జారుడు కోసం అదనంగా పోసింది ఆరిపోయి సన్నటి రంధ్రాలు మిగులుస్తుంది. స్లాబు బలం అక్కడే పోతుంది.

అందుకే ఒక్క మాట. మీ ఇంటి స్లాబు రోజున మాలు కదలకపోతే బకెట్ అందుకోకండి. ముందు కంకర కుప్ప దగ్గరికి వెళ్లి, అందులో ఎన్ని సైజులున్నాయో చూడండి.