అధికారమును అప్పగించిన అధ్యక్షుడు

వ్యాపారమున నాయకత్వమనగా ఆజ్ఞాపించు సామర్థ్యమే యని తలచువారు పెక్కుమంది గలరు. నాకు మాత్రము ఆ ప్రసక్తి వచ్చినప్పుడెల్ల గుజరాతులోని ఆనంద్ పట్టణమున పాడిరైతుల సహకార సంఘమునకు అధ్యక్షుడై యుండిన త్రిభువన్‌దాస్ పటేలు జ్ఞప్తికి వచ్చుచుండును. పాలధరను నిర్ణయించు శక్తి దళారుల చేతినుండి రైతుల చేతికి రావలెనను సంకల్పముతో 1946లో ఊరూరు తిరిగి వారిని కూడగట్టిన ఆ స్వాతంత్ర్యయోధుడు, యంత్రముల పని యెరిగినవారి యావశ్యకతను గుర్తించి, 1949లో ఆనందుకు వచ్చిన యువ ఇంజనీరు వర్గీస్ కురియన్‌ను పట్టుబట్టి నిలుపుకొనెను. నిలుపుకొని, నిర్వహణభారమును అతనికి విడిచి, రాజకీయముల ఒత్తిడి అతనిపై పడకుండ తాను అడ్డు నిలిచెను. కురియన్ కూడ అట్టి విశ్వాసమునే తన మిత్రుడైన దలాయాయందుంచగా, అతని కృషిచే గేదెపాలను పొడిగా మార్చుట యసాధ్యమను నిపుణుల మాట వమ్మయ్యెను.

అయితే నమ్మకమొక్కటే చాలదు, దానిని నిలుపు పద్ధతియు వలయును: ఉదయము, సాయంకాలము పల్లెలోని పాలకేంద్రమునొద్ద అన్ని కులములవారును ఒకే వరుసలో నిలుచుట, పాలలోని వెన్నశాతమును అక్కడనే పరీక్షించుట, ఆ లెక్క ప్రకారమే సొమ్ము చెల్లించుట జరుగుటచేతనే, లీటరు పాలు పోయు పేదరాలికిని ఆ సంఘము తనదను ధైర్యము కలిగెను.

సమర్థులను గుర్తించి, వారికి అధికారమిచ్చి, కష్టము వచ్చినప్పుడు ముందు నిలిచి, కీర్తి వచ్చినప్పుడు వెనుకకు తొలగువాడే నాయకుడని నా దృఢవిశ్వాసము. నేడు సంస్థలను స్థాపించుచున్న మన యువతీయువకులు త్రిభువన్‌దాసు చరిత్రను తప్పక చదువవలెనని మనసార కోరుచున్నాను.