నీటిమట్టం అడిగి బయల్దేరే దారి

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో నిలిచే మంచినీటి సరస్సు కొల్లేరు. దానికి ఉత్తరాన తాడేపల్లిగూడెం, భీమడోలు, ఏలూరు మీదుగా పోయే ప్రధాన రైలు మార్గం ఉంది. దక్షిణాన భీమవరం, ఆకివీడు, కైకలూరు, గుడివాడ మీదుగా మరో మార్గం ఉంది. ఈ రెండు అంచులదాకా రావడంలో కష్టమేమీ లేదు. సొంతంగా తిరగదలచినవారికి చిక్కులన్నీ మధ్యలోనే.

తాడేపల్లిగూడెంలో దిగినవారు గణపవరం, నిడమర్రు వైపు వెళ్తే సరస్సు తూర్పు అంచు తగులుతుంది. అయితే లోపలికి వెళ్లే ముఖ్యమైన దారి ఏలూరు–కైకలూరు రోడ్డు. డబ్బు, మందులు, తాగునీరు ఏలూరులోనే సమకూర్చుకోవడం మంచిది. చుట్టూ నీళ్లే ఉన్నా లంక గ్రామాల్లో చాలా ఇళ్లవారు తాగడానికి టిన్నుల నీళ్లు కొనుక్కుంటారు. పట్టణాల మురుగు, చేలమీద కొట్టిన మందులు, చెరువుల వ్యర్థాలు చివరికి చేరేది ఈ పల్లానికే.

బయల్దేరేముందు ఇక్కడి వాన సంగతి కాదు, నీటిమట్టం సంగతి అడగాలి. ఈ పల్లంలోకి తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు, గుండేరు, వీటికి తోడు పదుల కొద్దీ కాలువలు, డ్రెయిన్లు దిగుతాయి. బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. పైగా సుమారు అరవై కిలోమీటర్ల దూరం సాగితేగాని అది సముద్రంలో కలవదు. అందుకే కొల్లేటి వరద వచ్చినంత వేగంగా పోదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ నీరు తర్వాత కొల్లేటికి చేరింది. దాంతో చిన ఎడ్లగాడి దగ్గర రోడ్డు మీదికి నీళ్లెక్కి ఏలూరు–కైకలూరు రాకపోకలు ఆగిపోయాయి. ఆకాశం తేటగా ఉందని ధైర్యపడితే చాలదన్నమాట. మైలవరం కొండల్లో, ఖమ్మం వైపు ఎగువన ఎంత కురిసిందో, పెద ఎడ్లగాడి వంతెన దగ్గర మట్టం ఎంతుందో కనుక్కోవాలి. ఆ లెక్క బస్టాండులో కంటే చేపల లారీల డ్రైవర్ల దగ్గర త్వరగా దొరుకుతుంది.

పటాన్ని నమ్ముకోవడం రెండో ప్రమాదం. ఫోనులో నీలంగా కనిపించేదంతా సరస్సు కాదు, అందులో చాలా భాగం గట్లు కట్టిన చేపల చెరువులే. గట్టు మీద బాట కనిపించిందని బండి తిప్పితే అది ఎవరి కాపలా గుడిసె ముందో ఆగిపోవచ్చు. అడగకుండా వెళ్లడం మర్యాదా కాదు, క్షేమమూ కాదు. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తువరకు, అంటే అక్కడివారి మాటలో అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లను 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ఆ హద్దులోని గట్లను యంత్రాలతో తవ్వి, కొన్నింటిని పేల్చి తొలగించారు. గట్లతోపాటు వాటి మీది బాటలూ పోయాయి. తర్వాతి ఏళ్లలో అక్రమ చెరువులు మళ్లీ లేచాయి. కాబట్టి కిందటేడు నడిచిన బాట ఈ ఏడూ ఉంటుందనే హామీ లేదు. పాత పుస్తకాల్లో ఊళ్ల జిల్లాలు కూడా ఇప్పటికి సరిపోవు. 2022 ఏప్రిల్లో కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది.

నీటిమీద ప్రయాణం కాలాన్నిబట్టి మారుతుంది. కొల్లేరు పళ్లెంలా లోతు తక్కువ. వేసవిలో చాలాచోట్ల నేల బయటపడి పశువులు మేస్తాయి, పడవ బురదలో దిగబడుతుంది. నీరు నిండినప్పుడు గుర్రపుడెక్క, కిక్కిస అడ్డుపడతాయి. దోనెను గెడతో తోసే మనిషికి వాటి నడుమ దారి తెలుసు, కొత్తవారికి తెలియదు. బేరం ఎక్కేముందే కుదుర్చుకోవాలి. తిరిగి ఎప్పుడు దింపుతారో కూడా తేల్చుకోవాలి, ఎందుకంటే చీకటిపడ్డాక ఇక్కడ గుర్తులు కనబడవు.

పక్షుల కోసమైతే కైకలూరు పక్కన ఆటపాక చాలు. అక్కడ అటవీశాఖ పడవలు నడుపుతుంది, పెలికాన్‌లు గూళ్లు పెట్టుకోవడానికి ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. అక్టోబరు నుంచి మార్చి దాకా అనువైన కాలం. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణంలో వస్తుంది. జనం కిక్కిరిసినా, లంకల్లోకి వాహనాలు సులువుగా దొరికే రోజులు అవే. ఏకాంతం కావాలనుకునేవారు ఆ రోజుల్ని తప్పించుకోవచ్చు. కొల్లేటి మనుషుల్ని చూడాలనుకునేవారు మాత్రం అప్పుడే రావాలి.

ఏలూరు రోడ్డు మునిగితే అక్కడే కూర్చుని ఎదురుచూడటం దండగ, నీరు రోజుల తరబడి నిలవవచ్చు. కైకలూరులో చిక్కుకున్నవారు రైల్లో గుడివాడ మీదుగా విజయవాడ చేరుకుని ఏలూరుకు రావచ్చు. లేదా ఆకివీడు దగ్గర ఉప్పుటేరు దాటి, భీమవరం మీదుగా తాడేపల్లిగూడెంలో ప్రధాన మార్గాన్ని అందుకోవచ్చు.