బెత్తెడు ఎత్తు

అమెరికా వచ్చిన మర్నాడు మా నాన్న నా బండి ఎక్కలేకపోయాడు.

బండి అంటే 1999 టయోటా ఫోర్ రన్నర్. డెన్వర్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మా టీమ్‌లో సగంమంది శని, ఆదివారాలు కొండల మీదికి పోయి, సోమవారం ఆ ఫోటోలు చూపించేవాళ్లు. వాళ్ల బళ్లన్నీ ఎత్తుగా, లావు టైర్లతో ఉండేవి. వాటి పక్కన నా బండి పిలవని పేరంటానికి వచ్చినట్టు నిలబడేది.

ఒక మార్చిలో నేనూ దిగాను. ముందూ వెనకా పొడుగు స్ప్రింగులు, వాటికి తగ్గ షాక్ అబ్జార్బర్లు. వీటితో రెండున్నర అంగుళాలు. 265/70 ఆర్ 16 టైర్లు తీసేసి 265/75 వేశాను. ఆ 70, 75 అనేవి టైరు వెడల్పులో దాని గోడ ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకెలు. లెక్కేస్తే టైరు వ్యాసం ఒక అంగుళం పెరుగుతుంది. అయితే బండి లేచేది అందులో సగమే. మొత్తం మూడంగుళాలు. మా అమ్మమ్మ కొలతలో బెత్తెడు.

నేనూ ఒక స్నేహితుడూ గ్యారేజీలో రెండు వారాంతాలు కష్టపడ్డాం. ఎత్తడం అంత కష్టం కాదు. ఎత్తాకే ఒక్కొక్కటీ బయటపడుతుంది. ముందు చక్రాలను తిప్పే యాక్సిళ్లు ఇదివరకటికన్నా ఏటవాలుగా దిగుతాయి. వాటి రబ్బరు తొడుగులు త్వరగా చిరుగుతాయని, ముందు డిఫరెన్షియల్‌ని కాస్త కిందికి దించే స్పేసర్లు వేశాం. వెనక ఇరుసు పక్కకి జరగకుండా పట్టుకునే కడ్డీ ఒకటుంటుంది. దాని ఒక కొస ఛాసిస్‌కి, ఇంకో కొస ఇరుసుకి. బండి లేచేసరికి ఆ కడ్డీ కోణం మారి, ఇరుసుని కొద్దిగా ఒక పక్కకి లాగింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు మడ్ ఫ్లాప్‌కి రాసుకుంది. ఫ్లాప్ పీకేశాం. స్పీడోమీటర్ 60 చూపిస్తే నిజానికి 62లో పోతున్నట్టు. అలైన్‌మెంట్ సరేసరి. కోడ్‌లో ఒక లైన్ మారిస్తే ఏమవుతుందో ఇక్కడ పోల్చి చెప్పాలని ఉంది గానీ, మావాళ్లు ఆ పోలికని ఇప్పటికే అరగదీశారు.

అంతా అయ్యాక టేప్ పట్టుకుని కింద పడుకున్నాను. వెనక డిఫరెన్షియల్ గుండు నేల నుంచి లేచింది అరంగుళమే! ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. స్ప్రింగులు ఇరుసు మీద కూర్చుని బాడీని మోస్తాయి. అవి పెరిగితే బాడీ లేస్తుంది, ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. దాన్ని ఎత్తగలిగేది టైరొక్కటే. బండి మూతీ పొట్టా లేచిన మాట నిజమే, గోతిలో దిగి ఎక్కేటప్పుడు అది పనికొస్తుంది. కానీ దారి మధ్యలో ఉన్న రాయి తగిలేది ఆ గుండుకే. చూసేవాళ్లకి బెత్తెడు, రాయికి అరంగుళం.

జూన్‌లో అమ్మా నాన్నా వచ్చారు. నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. ఎక్కువ కాలం మాచర్ల–గుంటూరు రూటే. ఎడమ మోకాలు అరిగిపోయింది. డాక్టర్లు వయసు అంటారు, ఆయన క్లచ్ అంటాడు.

తలుపు పట్టుకుని కుడికాలు లోపల పెట్టాడు. బరువంతా ఎడమకాలి మీద పడేసరికి ఆగిపోయి, కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఎందుకురా ఇంత ఎత్తు?"

"కొండల్లో రాళ్లు తగలకుండా నాన్నా."

"ఇదివరకు ఎన్నిసార్లు తగిలాయి?"

ఒక్కసారి కూడా తగల్లేదు. అమ్మ ఇంట్లోకి వెళ్లి వంటింటి స్టూలు తెచ్చి తలుపు దగ్గర వేసింది.

ఆ రోజు మూడో సిగ్నల్ దగ్గర నాన్న అన్నాడు, "వెనక బ్రేకు సరిగ్గా పట్టట్లేదురా. ముక్కు దించేస్తోంది." కొత్త స్ప్రింగులు కదా, ఎత్తు బళ్లు అలాగే వంగుతాయని చెప్పాను. ఆయన వాదించలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. అది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

రాత్రి సర్వీస్ మాన్యువల్ తీశాను. ఈ బండిలో వెనక బ్రేకులకి వెళ్లే ఒత్తిడిని నియంత్రించే వాల్వ్ ఒకటుంది. ఛాసిస్‌కీ ఇరుసుకీ మధ్య దూరాన్నిబట్టి అది పనిచేస్తుంది. మనుషులో సామానో ఎక్కితే బాడీ దిగి దూరం తగ్గుతుంది, అప్పుడు వెనక్కి ఎక్కువ ఒత్తిడి పంపిస్తుంది. దూరం పెరిగితే బండి ఖాళీగా ఉందనుకుని తగ్గిస్తుంది. నేను రెండున్నర అంగుళాలు పెంచి, ఆ సంగతి దానికి చెప్పలేదు. అమ్మనీ నాన్ననీ ఎక్కించుకుని నేను ఊరంతా తిరిగిన బండి, తనలో వెనక ఎవరూ లేరనే అనుకుంటోంది.

దానికి కావలసింది ఒక బ్రాకెట్. కిట్‌తో పాటే వచ్చింది. ఎందుకో తెలీక అట్టపెట్టెలో వదిలేశాను. మర్నాడు నేను కింద దూరి దాన్ని బిగిస్తుంటే, నాన్న ఆ స్టూలు మీదే కూర్చుని స్పానర్లు అందించాడు. తర్వాత మెకానిక్ దగ్గర బ్రేకులు చూపించాను.

నేను బండి కింద దూరానని తెలిస్తే పుస్తకాల స్నేహితులందరూ అడిగేది పిర్సిగ్ గురించే. 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' (1974) ఇంజనీరింగ్‌లో చదివాను. అప్పుడు 'క్వాలిటీ' గురించిన చర్చలకి పెన్సిల్‌తో గీతలు గీసుకున్నాను. నాన్న ఉన్నన్నాళ్లూ రాత్రిళ్లు మళ్లీ చదివితే, గీతల్లేని పేజీల్లో ఒక పిల్లాడు కనిపించాడు. అతను క్రిస్. దారంతా తండ్రి వెనక కూర్చుంటాడు, అతనికి కనిపించేది తండ్రి వీపే. చివర్లో ఫుట్‌పెగ్‌ల మీద లేచి నిలబడితే, తండ్రి భుజం మీంచి మొదటిసారి రోడ్డు కనిపిస్తుంది. సెలవుల్లో నాన్న బస్సెక్కినప్పుడు నాకు చోటు ఇంజన్ బానెట్ పక్కన. నాకు రోడ్డు బాగానే కనిపించేది. నేను మాత్రం రోజంతా క్లచ్ మీద లేచి పడే ఆ ఎడమకాలునే చూసేవాణ్ణి. అది అరుగుతోందని మాత్రం తట్టలేదు.

జులైలో లేక్ సిటీ నుంచి సిన్నమన్ పాస్ ఎక్కాం. ఒకప్పటి గనుల దారి, పైన 12,640 అడుగులు. రాళ్లమీద నెమ్మదిగా వెళ్తుంటే అమ్మ వెనక సీట్లో హనుమాన్ చాలీసా మొదలుపెట్టింది. పైకి చేరేసరికి అక్కడ నాలాంటిదే ఇంకో ఫోర్ రన్నర్ ఆగి ఉంది. కంపెనీ ఇచ్చిన ఎత్తులోనే, మామూలు టైర్లతో. ముసలి దంపతులిద్దరు దానికి ఆనుకుని శాండ్‌విచ్‌లు తింటున్నారు.

స్టూలు వేసి నాన్నని దించాను. ఆయన ఆ బండిని చూశాడు, నా బండిని చూశాడు. ఏమీ అనలేదు.

దిగేటప్పుడు మొదటి వంపులో బ్రేకు నొక్కాను. ముక్కు దించకుండా, నాలుగు చక్రాల మీదా సమానంగా కూర్చున్నట్టు ఆగింది.

"ఇప్పుడు పట్టింది," అన్నాడు నాన్న. క్షణం ఆగి, "ఇంక కాలు తీసెయ్. గేర్లో దించు."