నాలుగవ హేతువు

కావ్యరచనకు ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం అనే మూడు హేతువులు కావాలని మన ఆలంకారికులు చెప్పారు. పుట్టుకతో వచ్చిన శక్తి, చదువు వల్ల కలిగిన పాండిత్యం, ఎడతెగని సాధన అని వాటి అర్థం. ఏళ్ల తరబడి ఈ పాఠం చెబుతున్న నాకు, ఈ మూడూ సమృద్ధిగా ఉన్నా రచన ఆగిపోవచ్చునా అనే సందేహం కలిగించింది ఒక సంగీత విదుషి జీవితం. ఆమె క్లారా షూమన్.

క్లారా 1819 సెప్టెంబరు 13న జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో జన్మించింది. తండ్రి ఫ్రెడరిక్ వీక్ పేరుపొందిన పియానో గురువు. తల్లిదండ్రులు విడిపోగా, ఐదేళ్ల ప్రాయం నుంచి తండ్రి శాసనంలోనే ఆమె పెరిగింది. ఆమె దినచర్యను సైతం 'నేను' అంటూ ఆమె పేరిట తండ్రే రాసేవాడు. తొమ్మిదవ ఏట తొలిసారి సభలో పియానో వాయించింది. పదహారవ ఏట, 1835లో, వాద్యబృందంతో కలిసి వాయించే పెద్ద రచనను తానే కూర్చి, మెండెల్‌సన్ నిర్వహణలో వినిపించింది. మూడు హేతువులూ ఆమెలో ఉన్నాయనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

అటువంటి క్లారా 1839లో తన దినచర్యలో ఒక నిరాశను రాసుకుంది. స్త్రీ స్వరరచనను కోరరాదనీ, ఇంతవరకు ఎవరికీ సాధ్యం కానిది తనకు మాత్రం ఎలా సాధ్యమనీ దాని సారాంశం. ఈసారి రాసిన చేయి ఆమెదే. మాట మాత్రం లోకానిది. నిజానికి మెండెల్‌సన్ సోదరి ఫానీ హెన్సెల్ అప్పటికే అనేక రచనలు చేసింది. అవి చాలావరకు అచ్చు కాక ఇంట్లోనే ఉండిపోయాయి.

తండ్రి కాదన్నా, న్యాయస్థానం అనుమతితో 1840లో ఆమె స్వరకర్త రాబర్ట్ షూమన్‌ను వివాహమాడింది. అతడు ఆమె రచనలను మెచ్చినవాడే. అయినా అతడు స్వరరచనలో ఉన్న వేళల్లో ఆమె పియానో సాధన ఆగవలసి వచ్చేది. ఎనిమిది మంది బిడ్డలను కన్నది. ఆ సంసారభారం నడుమనే 1846లో పియానో, వయొలిన్, చెల్లోలకు ఒక త్రయం రచించింది. మనోవ్యాధితో 1854లో రైన్ నదిలో దూకిన రాబర్ట్, 1856లో చికిత్సాలయంలో మరణించాడు. ఏడుగురు బిడ్డల పోషణకై ఆమె ఐరోపా అంతటా కచేరీలు చేసింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో శిష్యులను తీర్చిదిద్దింది. భర్త రచనలను పరిష్కరించి ప్రకటించింది. 1896లో కన్నుమూసేవరకు, ఆ నలభై ఏళ్లలో ఆమె స్వంత రచనలు వేళ్ల మీద లెక్కించదగినవే.

బాధ్యతల బరువు ఇందుకొక కారణం, కాదనలేను. కాని 1839 నాటికి ఆమెకు ఇల్లూ పిల్లలూ లేరు. నిరాశ అప్పటికే పుట్టింది. పాశ్చాత్య సంగీత శాస్త్రం నాకు రాదు. అయినా ఆ త్రయాన్ని విన్నప్పుడల్లా, రాయకుండా మిగిలినవెన్నో అని మనసు కలతపడుతుంది.

'నేను సృష్టించవచ్చు' అనే నమ్మకమే నాలుగవ హేతువని నాకు తోస్తుంది. అది ఒంటరిగా మొలకెత్తదు. ముందు నడిచినవారి అడుగులు కనబడాలి. పక్కనున్నవారు ఒక మంచిమాట అనాలి. అందుకే నోటుపుస్తకం చివరి పుటలో పద్యమో పాటో రాసి, చేత్తో కప్పుకునే విద్యార్థిని కనిపిస్తే, "ఏదీ, చదువమ్మా" అని అడుగుతాను. తక్కిన మూడు హేతువులూ ఆమెలో ఉన్నాయో లేవో కాలం తేలుస్తుంది. నాలుగవది మాత్రం మనం ఇవ్వవలసినది.