పణజి పాత వాడలో ఫెనీ గ్లాసు

గోవా వెళ్లొచ్చిన మనవాళ్లని కదిపితే కలంగూట్, బాగా, అంజునా పేర్లు గడగడా వస్తాయి. పణజి వాళ్లకి బస్సు దిగిన చోటు, లేదంటే కేసినో పడవ ఎక్కిన చోటు. అదే కదంబ బస్టాండు దగ్గర ఊరెం కాలువ మీది వంతెన దాటి కాస్త నడిస్తే ఫొంతైన్యాస్, దాన్ని ఆనుకుని సావ్ తొమె వాడ వస్తాయి. ఎర్రపెంకుల ఇళ్లు, కార్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి వెళ్లక తప్పని సందులు. ఆ సందుల్లోనే జోసెఫ్ బార్ ఉంది.

బార్ అనగానే మన కళ్ల ముందు మెదిలే అద్దాల తలుపు, చీకటి గది, చెవులు హోరెత్తించే పాట ఇక్కడ వెతుక్కోకండి. పాత ఇంటి ముందుగదిలాంటి చిన్న చోటు. కొద్దిమంది కూర్చోగానే నిండిపోతుంది. మిగిలినవాళ్లు గ్లాసులు పట్టుకుని వీధిలోకి వచ్చి గోడవార నిలబడతారు. గోవాలో ఇలాంటి వాటిని తావెర్నా అంటారు. ఊరి పెద్దాయన సాయంత్రం నడకకి బయల్దేరి, ఒక్క గ్లాసు పుచ్చుకుని, నాలుగు కబుర్లు చెప్పి ఇంటికెళ్లే చోటు అది. జోసెఫ్ బార్ ఆ పద్ధతిని వదలకుండానే కాక్‌టెయిల్ బార్‌గా మారింది.

ఇక్కడ ఏం తాగుతారో చెప్పాలంటే ముందు తోటలోకి వెళ్లాలి. పోర్చుగీసువాళ్లు పదహారో శతాబ్దంలో బ్రెజిల్ నుంచి జీడిమామిడిని తెచ్చి గోవా కొండవాలుల్లో నాటారు. ఫిబ్రవరి చివర్లో పండ్లు మొదలై మే దాకా ఉంటాయి. సంప్రదాయం తెలిసినవాళ్లు కాయని చెట్టు మీంచి కోయరు, పండి దానంతటది రాలాలి. గింజ విడదీసి, పండ్లని రాతి తొట్టిలో వేసి కాళ్లతో తొక్కుతారు. ఆ పిప్పిని ముద్దగా కట్టి పైన బరువు పెడితే తేటగా కారే తీపి రసం నీరో. దాన్ని ఎండపూట అలాగే తాగేస్తారు, అందులో మత్తుండదు. తొక్కిన రసాన్ని మాత్రం రెండు మూడు రోజులు పులియనిచ్చి బట్టీకి ఎక్కిస్తారు. మొదటిసారి దిగింది ఉర్రాక్. ఆల్కహాలు సుమారు 15 శాతం, పండు వాసన ఇంకా అంటిపెట్టుకునే ఉంటుంది. దాన్ని మళ్లీ కాస్తే 42 శాతం పైచిలుకు ఘాటుతో ఫెనీ. ఫెనీ ఏళ్లపాటు నిలవుంటుంది. ఉర్రాక్ ఆగదు, వేసవితోనే దాని కథ సరి.

అందుకే ఏప్రిల్ సాయంత్రాల్లో ఈ వాడలో సగం గ్లాసుల్లో ఉర్రాకే కనిపిస్తుంది. నిమ్మరసం, చిటికెడు ఉప్పు, నిలువునా చీరిన పచ్చిమిర్చి, పైన లిమ్కా. దీన్ని ఏ షేకర్ పట్టిన నిపుణుడూ కనిపెట్టలేదు, ఇళ్లలో పుట్టిన పద్ధతి. జోసెఫ్ బార్‌లో పేరుపడ్డ తాంబ్డె రోజా అనే కాక్‌టెయిల్ మాత్రం కాస్త షోకైనది. కోకం పండు రసంతో ముదురెర్రగా ఉంటుంది. కోకం పులుపు చింతపండులా పళ్లు పులిసేలా ఉండదు, మెత్తగా వచ్చి, మిర్చి ఘాటుకి దారిచ్చి తప్పుకుంటుంది. నాకు నచ్చింది అదే.

ఫెనీకి ఇలా కాక్‌టెయిల్ బార్‌లో చోటు దక్కే మర్యాద ఈమధ్యే వచ్చింది. ముక్కుకి గట్టిగా తగిలే దాని వాసన ఊరి బయటివాళ్లకి పడేది కాదు. గోవా మధ్యతరగతి ఇళ్లలో కూడా అతిథి వస్తే స్కాచ్ బయటికొచ్చేది, ఫెనీ వంటింట్లో జలుబు మందుగా ఉండిపోయేది. ప్రభుత్వ పద్దుల్లో కంట్రీ లిక్కర్‌గా ఉండేది, అంటే మన సారా వరస. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2016లో గోవా ప్రభుత్వం ఎక్సైజు చట్టం సవరించి దాన్ని వారసత్వ పానీయంగా ప్రకటించింది. కాగితాల మాట ఎలా ఉన్నా, కుర్రకారు చేతికి మళ్లీ గ్లాసు అందించింది ఇలాంటి చిన్న బార్లేనని నా నమ్మకం. వాసనని దాచకుండా, దానికి జోడీ కుదిర్చారు.

వాడ సంగతి కూడా చెప్పాలి. పోర్చుగీసుల మునుపటి రాజధాని పాత గోవా, మాండవి నది వెంట ఎగువన ఉండేది. అంటురోగాలు దాన్ని తినేశాయి. 1759లో వైస్రాయి పణజికి మకాం మార్చాడు, 1843లో అధికారికంగా రాజధాని అయింది. ఆ మధ్యలో మొజాంబిక్‌లో డబ్బు గడించి వచ్చిన ఒకాయన ఆల్తిన్హో కొండ కింద కొబ్బరితోట వేశాడు. కొండ అడుగున ఊటలుండేవి. ఆ తోటే క్రమంగా ఇళ్లతో నిండి ఫొంతైన్యాస్ అయింది. తెలుపు చర్చిలకే దక్కాలన్నది పాత కట్టుబాటు, కాబట్టి ఇళ్లకి పసుపు, నీలం, ఇటుకరంగు. ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే ఊళ్లో సున్నం గోడలకి వానాకాలం వెళ్లగానే మళ్లీ రంగు వేయక తప్పదు. అందం వెనక అవసరం కూడా ఉంది.

సెయింట్ సెబాస్టియన్ చాపెల్‌లోకి తప్పకుండా తొంగిచూడండి. అక్కడి శిలువ మీది క్రీస్తు తల వాల్చలేదు, కళ్లు తెరిచే ఉంటాడు. ఆ శిలువ ఒకప్పుడు పాత గోవాలో ఇంక్విజిషన్ భవనంలో ఉండేది. మతవిచారణ పేరుతో జనాన్ని నిలబెట్టి ప్రశ్నించిన చోటు అది. 1812లో ఆ విచారణ రద్దయ్యాక పణజి రాజభవనానికి, 1918లో ఇక్కడికి వచ్చింది. అదే వాడలో ఇప్పుడు ఇంత తీరుబడిగా గ్లాసులు తిరుగుతుంటే చిత్రంగానే ఉంటుంది.

తెలుగువాడు అక్కడ నిలబడితే పలాస గుర్తు రాకుండా ఉండదు. ఉద్దానం తోటల్లో మనకీ అదే చెట్టు, అదే వేసవి. జీడిపప్పు బస్తాలకెక్కి దేశమంతా తిరుగుతుంది. పండు మాత్రం చాలావరకు చెట్టు కిందే కుళ్లిపోతుంది. పిల్లలు ఉప్పూకారం అద్దుకుని తిని, గొంతు పట్టి, చొక్కా మీద మరక చేసుకుని ఇంట్లో తిట్లు తింటారు, అంతే. అలాగని మనమూ బట్టీలు పెట్టాలని నేననను. దూబగుంట ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా మీద ఎందుకు తిరగబడ్డారో, 1993లో సారా, 1995లో మొత్తం మద్యం ఎందుకు నిషేధించాల్సి వచ్చిందో మర్చిపోయి మాట్లాడటం తప్పు. మద్యనిషేధం 1997లో పోయింది. మిగిలింది వైన్‌షాపు పక్కన ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ల ప్యాకెట్, నిలబడే రెండు గుటకల్లో ముగించి మూతి తుడుచుకుని వెళ్లిపోయే తాగుడు. తాటివనంలో కూర్చుని ఆకుదొప్పలో కల్లు తాగే తీరిక కొన్ని పల్లెల్లోనే ఉంది. తావెర్నాలో నేను చూసిన తేడా తొందర లేకపోవడం. నలుగురి ఎదుట, తెలిసిన మనుషుల మధ్య తాగేవాడు తన కొలత తనే చూసుకుంటాడు. అందరూ అలాగే ఉంటారని కాదు, ఆ చోటు అలా ఉండటానికి వీలిస్తుంది.

ఆ తీరికకి ఇప్పుడు ముప్పు మనలాంటివాళ్ల వల్లే. రంగుల గోడల ముందు పెళ్లి ఫొటోలు, రీళ్లు, ఎవరింటి మెట్ల మీదో కాళ్లు చాపి కూర్చోవడం. విసిగిన ఇంటివాళ్లు ఫొటోలు తీయవద్దని బోర్డులు పెట్టారు. ఆ తలుపుల వెనక ముసలివాళ్లు మధ్యాహ్నం కునుకు తీస్తుంటారు. సాయంత్రం దాకా ఆగి వెళ్లండి, గొంతు తగ్గించి మాట్లాడండి.

మార్చి నుంచి మే లోపల వెళ్తే ఉర్రాక్ అడగండి. వానాకాలమైతే ఫెనీ, దాంతో కోకం. ఖాళీ కడుపుతో మాత్రం మొదలెట్టకండి. ఉర్రాక్ షర్బత్తులా దిగుతుంది, లేచి నిలబడ్డప్పుడు లెక్క చెబుతుంది. అద్దె స్కూటరు తాళం హోటల్లోనే వదిలేసి నడిచి వెళ్లండి.